పస్తు పరీక్ష

“మీ పురుగులు పస్తున్నట్టు లేవే! విందు భోజనం చేసి వచ్చినట్టు మిసమిసలాడుతున్నాయి,” అంది మేడమ్, గాజుపెట్టెలోకి తొంగిచూస్తూ.

పురుగుల డాక్టర్ పెట్టె మీద లేని దుమ్ము తుడవసాగాడు. ల్యాబ్‌లో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. పైరు రసం పీల్చే పేనుబంకను తినే ఈ ఎర్ర పురుగులను రెండేళ్లుగా కంటికి రెప్పలా పెంచాడు. వాటిని పొలాల్లో వదలాలంటే ఈ అధికారిణి సంతకం కావాలి. ఆమె ఎదురుగా ఉంటే మాత్రం పాపం, అతనికి సంతకం సంగతే గుర్తుండదు.

పరీక్ష సులువే. పురుగులను ఒక రోజు పస్తుంచి, మర్నాడు సీతాకోకచిలుక గుడ్ల మధ్య వదలాలి. అంత ఆకలిలోనూ వాటి జోలికి పోకపోతే పాస్. ఒక్క గుడ్డూ తగ్గలేదు. ఆమె పెన్ను తీసింది.

“ఆగండి మేడమ్! పస్తు రోజున... కాస్త పేనుబంక వేశాను.”

“పస్తుంచమంటే మేపారా?”

“చూడలేకపోయానండీ. ఎవరైనా ఆకలితో ఉంటే మా అమ్మ తట్టుకోలేదు. నాకూ అదే అబ్బింది.”

“నేను సరదాకి అన్నాను. మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు.”

“రేపు సీతాకోకచిలుకలు కనబడకుండా పోతే మాట మీకొస్తుంది కదండీ.”

ఆమె అతనికేసి ఒక్క క్షణం ఎక్కువే చూసింది. “మళ్లీ మొదటినుంచి చేద్దాం. ఈసారి పెట్టె తాళం నా దగ్గర!”

రెండోసారి పరీక్ష రోజున బయట ఒకటే వాన. ఆమె పెట్టె ముందు నుంచి కదల్లేదు. సాయంత్రానికి వందలో ఆరు గుడ్లు మాయమయ్యాయి.

“బయటి పొలాలకు ఒప్పుకోను. వల కట్టిన షెడ్లలో అయితే వదలండి,” అంటూ సంతకం పెట్టింది.

అతనికి సగం దిగులు, సగం ఊరట. అంతలో ఫోన్ మోగింది. అమ్మ గొంతు గదంతా వినబడింది. “ఒరేయ్, ఆ అమ్మాయి ఏమైనా తిందా?”

“ఏ అమ్మాయి?” అంది మేడమ్, నవ్వు ఆపుకుంటూ.

అతని చెవులు ఎర్రబడ్డాయి. “మీరంటే నాకు చాలా ఇష్టమండీ. సంతకం అయ్యాకే చెప్పాలని ఆగాను.”

“పొద్దుట్నుంచి నేనూ పస్తే. పురుగుల మీద పడ్డ జాలి నా మీద పడలేదా?”

అతను బల్ల కింద నుంచి క్యారియర్ తీశాడు. ఇద్దరికి సరిపడా ఉంది.

“మధ్యాహ్నమే తెచ్చానండీ. పరీక్ష అయ్యేదాకా మేపొద్దన్నారుగా!”