అలవాటు పత్రం

హైమ వసారాలో కూర్చుని, తేనెపెట్టె చట్రాలకు అంటుకున్న పాత మైనాన్ని కత్తిమొనతో గీకుతోంది. పొద్దుతిరుగుడు చేలు పూతకొచ్చాయి. ఎల్లుండికల్లా పెట్టెలు గట్ల మీదికి చేరాలి. ఏడో చట్రం చేతిలో ఉండగా ఎడమ మణికట్టు మీది నాడిపట్టీ మూడుసార్లు అదిరింది. మూడుసార్లు అదిరితే కోర్టు కబురు. ఆమె చేతులు తుడుచుకుని పట్టీని పైకి తిప్పింది.

'నిందితుడు నిర్దోషి. ఫిర్యాదుదారు నాడి అరవై రెండు. భయరేఖ లేదు. అలవాటు పత్రం దాఖలు కాలేదు.'

చివరి ముక్కను హైమ మళ్లీ చదివింది. భయరేఖ ఉండదని ఆమెకు ముందే తెలుసు. ఇది మాత్రం ఊహించలేదు.

నాడిపట్టీలు వచ్చి పదకొండేళ్లయింది. పదేళ్లు నిండిన ప్రతి మనిషీ కట్టుకోవాలి. గుండె వేగం, ఊపిరి, చెమట, కండరాల బిగువు అన్నీ అది రాసుకుంటుంది. మాటలు మాత్రం వినదు. మాటలు వినే యంత్రాన్ని మనిషి ఒంటికి కట్టకూడదని చట్టం. పట్టీ రాకముందు బలాత్కారం కేసుల్లో నేరం రుజువు చేసే భారం ప్రభుత్వానిదని పుస్తకాల్లో ఉన్నా, మోసింది ఆడదే. ఎందుకు అరవలేదు, ఎందుకు పారిపోలేదు అని నలుగురి ముందూ నిలబెట్టి అడిగేవారు. పట్టీ వచ్చాక ఆ ప్రశ్నలు పోయాయి. భయరేఖ ఉంటే శిక్ష, లేకుంటే విడుదల. అబద్ధపు కేసుల్లో నలిగిన మగవాళ్లు కూడా కొందరు బయటపడ్డారు. మంచి రోజులొచ్చాయని అందరూ అనుకున్నారు.

అందరికంటే ఎక్కువగా అనుకున్నది హైమ అక్క శాంతకుమారి. ఆమె పట్నంలో నాడి పఠకురాలు. పట్టీ గీసిన గీతల్ని చదివి కోర్టుకు విప్పి చెప్పడం ఆమె ఉద్యోగం. ఇక ఏ ఆడపిల్లా నోరు తెరిచి చెప్పుకోనక్కర్లేదని, ఇంటికొచ్చినప్పుడల్లా తానే కనిపెట్టినంత గర్వంగా చెప్పేది.

పోయినేడు ఇదే పూతకాలంలో హైమ ఖాళీ డబ్బాల కోసం తేనె సంఘం గోదాముకు వెళ్లింది. గోదాము చూసే భాస్కర్రావు ఆమె వెనక తలుపు గడియ పెట్టాడు. ఆమె వద్దంది. రెండుసార్లు అంది. ఆ తర్వాత ఆమె ఒళ్లు తనకు తెలిసిన పని చేసింది. ఆరేళ్ల వయసు నుంచి ఆ ఒంటికి ఒకటే చదువు. తేనెటీగలన్నీ ఒక్కసారిగా లేచి మొహం మీద వాలితే కదలకూడదు. కండలు వదిలేయాలి. ఊపిరి సన్నగా తీయాలి. బిగుసుకుంటే కుడతాయి. అలా భయం పెరిగేకొద్దీ గుండె నెమ్మదించడం ఆమెకు అలవాటైపోయింది. నేర్పింది నాన్న కాదు, ఆయనకంత ఓపిక లేదు. పక్కన కూర్చుని, కడవలోకి నీళ్లు దారంలా పోస్తున్నట్టు పీల్చవే అంటూ నేర్పింది అక్క.

అందుకే వకీలు అలవాటు పత్రం సంగతి చెప్పినప్పుడు హైమకు ధైర్యం వచ్చింది. చేసే పని వల్ల ఎవరి ఒళ్లైనా అందరి ఒంటిలా పలకకపోతే, ఆ మనిషిని ఎరిగిన పఠకులు ఒకరు రాసి సంతకం చేయవచ్చు. పదకొండేళ్లలో ఒక్కరూ వాడని నిబంధన అది. పత్రం నేరుగా కోర్టుకే పోతుంది, వకీలుకు కూడా చూపరు. "ఇంట్లోనే పఠకురాల్ని పెట్టుకుని ఇంకా దిగులేంటమ్మా" అని వకీలు నవ్వాడు. పది రోజులకు అక్క ఫోన్ చేసి, ఇచ్చేశాను, నిశ్చింతగా ఉండు అంది. హైమ నిశ్చింతగానే ఉంది.

పాలకేంద్రానికి వెళ్లొచ్చిన అమ్మ, టీ కొట్టు దగ్గర భాస్కర్రావు ఏమన్నాడో చెప్పలేక చెప్పింది. "నా మాట నమ్మకండయ్యా. ఆవిడ చెయ్యి చెప్పింది కదా, దాన్ని నమ్మండి" అన్నాడట. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారట.

మధ్యాహ్నానికి శాంతకుమారి వచ్చింది. లోపలికి రాకుండా మెట్టు మీద కూర్చుంది. హైమ చట్రం గీకుతూనే అడిగింది.

"ఇచ్చానన్నావుగా అక్కా."

"రాశానే. నీ చిన్నప్పటి నుంచీ అంతా రాశాను. సంతకం దగ్గర చెయ్యి ఆగిపోయింది."

"ఉద్యోగం పోతుందనా?"

"పోతే పోయేది." శాంతకుమారి చీర కొంగు వేలికి చుట్టుకుంది. "భయమున్నా గుండె నెమ్మదిగా కొట్టుకుంటుందని నేనే సంతకం పెడితే, ఇన్నాళ్లూ నేను చదివినవి ఏమైపోతాయి? నాలుగొందల పన్నెండు మందిని భయరేఖ లేదని ఇంటికి పంపానే."

అమ్మ గుమ్మంలోకొచ్చి, ఉద్యోగం చేసుకునే మనిషిని అలా నిలదీయకూడదనీ, ముందు ఇద్దర్నీ అన్నానికి లేవమనీ అంది. ఎవరూ లేవలేదు.

శాంతకుమారి తలెత్తకుండానే చెప్పుకుపోయింది. నాలుగేళ్ల కిందట తిరువూరు నుంచి ఒక నర్సు వచ్చిందట. పేరు కృపావతి. పన్నెండేళ్లుగా చావుబతుకుల్లో ఉన్నవాళ్ల పక్కన నిలబడుతున్నాననీ, చేతులు వణికితే తన పని సాగదనీ, తన గుండె ఎప్పుడూ ఇంతేననీ, కాస్త చూడమనీ బతిమాలిందట.

"ఆవిడ అలా అంటుంటే నాకు నువ్వే గుర్తొచ్చావే. అయినా పట్టీ తప్పు చెప్పదు, ఇంటికెళ్లమ్మా అన్నాను."

హైమ చేతిలో కత్తి ఆగింది.

"అంటే నీకు నాలుగేళ్ల కిందటే తెలుసు."

శాంతకుమారి వేలికి చుట్టిన కొంగును విప్పింది.

"నేను ఫిర్యాదు ఇస్తానన్నప్పుడు ఇయ్యవే, పట్టీ ఉందిగా అన్నావు. అప్పుడూ తెలుసు."

అక్క అవునన్నట్టు తలూపింది. ఆ తలూపడం గోదాములో పడిన గడియ కంటే గట్టిగా వినబడింది హైమకు. వాడు పరాయివాడు. వాడి దగ్గర ఆమె ఏమీ ఆశించలేదు.

కత్తి పక్కన పెట్టి అడిగింది. "తిరువూరులో ఎక్కడ?"

వచ్చినవాళ్ల చిరునామాలు బయటపెడితే పఠకులకు జైలు. శాంతకుమారి అమ్మ వైపు చూసింది, వీధి వైపు చూసింది.

"చర్చి వెనక వీధి. ఇప్పుడక్కడ ఉందో లేదో." ఆగి మళ్లీ అంది. "ఇంకా ఉన్నారే. అలా బతిమాలినవాళ్లు. కొందరి పేర్లు నాకు గుర్తే. ఏమన్నా అనవే, తిట్టు. తిడితే పడతాను."

హైమ చట్రాన్ని గోడకు ఆనించి లేచింది. తొట్టి దగ్గర చేతులు కడుక్కుంది. దండెం మీది చున్నీ తీసి భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుంది. మెట్టు మీద కూర్చున్న అక్క జరిగి దారి ఇవ్వాలో, చెయ్యి పట్టుకుని ఆపాలో తెలియక మోకాళ్లు దగ్గరికి లాక్కుంది. హైమ ఆమెను తాకకుండా దాటింది. లోపల అమ్మ మూడు కంచాలు పెట్టి పిలుస్తోంది. హైమ వెనక్కి తిరగలేదు. గేటు తీసుకుని, తిరువూరు బస్సు ఆగే రోడ్డు వైపు నడిచింది.