తెగిన మొలతాడు

పెద్దాపురంలో మాది బట్టల కొట్టు. ఓ రోజు మా ఆయన మల్లేశ్వరరావు కొట్టులోనే రక్తం కక్కుకున్నారు. కాకినాడ తీసుకెళితే, కడుపులో సిరలు సైకిల్ ట్యూబులా ఉబ్బిపోయాయన్నారు.

"నోట్లోంచి కడుపులోకి వేసే గొట్టం కొసన అల్ట్రాసౌండ్ ఉంటుందమ్మా. దాంతో సిరల్ని చూస్తూ, లోపల సన్నటి తీగచుట్టలు, జిగురు పెట్టి మూసేస్తాం," అన్నారు డాక్టరు గారు.

జిగురుతో మనిషిని అతికిస్తారట! నాకు నమ్మకం కుదరలేదు.

మధ్యాహ్నం ఆయన్ని లోపలికి తీసుకెళ్లారు. బయట వాన. వరండా నిండా మందుల వాసన, తడిసిన చెప్పుల వాసన. తలుపు వెనక మిషను హుష్... హుష్... అంటోంది. ఆ సిరల్లో రక్తం పారే చప్పుడట. ఉన్నట్టుండి ఆగిపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"మరిడమ్మ తల్లీ, ఆయన్ని వదిలెయ్యి. కావాలంటే నన్ను తీసుకో," అనేశాను.

పక్కనున్న మా ఆడపడుచు సూర్యకళ వదినగారు చప్పున నా నోరు మూసేశారు. "అలాంటి మొక్కులు మొక్కకూడదు మీనా!"

తలుపు తెరుచుకుంది. సిరలు మూసుకున్నాయి, గండం గడిచింది అన్నారు డాక్టరు గారు. ఆ వెనకే నర్సు వచ్చి ఆయన మొలతాడు నా చేతిలో పెట్టింది. తెగి ఉంది.

మా వైపు, భార్య పోతేనే మగవాడి మొలతాడు తెంపుతారు.

"ఎవరు తెంపారు?" అన్నాను.

"మేం కాదండి. మంచం మీద తెగి పడుంది."

ఆవిడ జేబులో కత్తెర నా కంటపడింది. అబద్ధమాడుతోంది అనుకున్నాను. కానీ తాడు కొసలు కోసినట్టు లేవు... కొరికినట్టున్నాయి.

కొన్నాళ్లకి ఇంటికి పంపారు. కారులో దారి పొడుగునా ఆయన నా ముఖం చూడలేదు. మందుల మత్తులే అనుకున్నాను. గుమ్మం ముందు వదినగారు దిష్టికి ఎర్రనీళ్ల పళ్లెం అరుగు మీద పెట్టుకుని, ముందు కొత్త మొలతాడు కట్టబోయారు.

ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇప్పుడెందుకక్కా? పదకొండో రోజు పెద్దకార్యం కానివ్వు," అన్నారు గుసగుసగా.

"ఎవరిదండీ?" అన్నాను.

వదినగారు నావైపు చూడకుండా తాడు కొంగులో దాచుకున్నారు.

నా నోట్లో ఉప్పగా ఏదో ఊరింది. పక్కకెళ్లి ఉమ్మాను. నేలంతా ఎర్రగా... దిష్టినీళ్లు ఒలికాయి కాబోలనుకుని పళ్లెం వైపు చూశాను.

పళ్లెం నిండుగానే ఉంది.