ఆటగాళ్లను మింగిన మిల్లు

ఆదివారం... అమావాస్య... నడిమధ్యాహ్నం!

మనిషి నీడ మనిషి కాళ్ల కిందికే దూరి దాక్కునే ఘోరమైన వేళ అది. కళ్యాణదుర్గం దాటాక ఆ ఎర్రనేల మీద వేరుశనగ చేలు నిలువునా మాడిపోయి ఉన్నాయి. చుక్క రాల్చని కారుమేఘం ఒకటి ఆకాశమంతా వదిలేసి, మూతబడిన పాత మిల్లు నెత్తినే నిలిచి ఫెళఫెళా ఉరుముతోంది. పట్టపగలు... మిల్లు రేకుల కింద గుడ్లగూబ కూసింది!

చంకలో ఐదు నెలల బిడ్డ, నెత్తిన బొరుగులతో చేసిన ఉగ్గాని గంప... నడిచి వస్తున్న సువర్ణ కాళ్లు ఆ కూతకు ఉన్నచోటే ఆగిపోయాయి. ఆ మిల్లులోనే ఆమె భర్త శశి ఉన్నాడు. అతనితో కలిపి ఇరవై మంది మిత్రులు ఉన్నారు!

కొన్నాళ్లుగా ఇంట్లో అదే మాట. ఫోన్లలో తుపాకుల ఆట కలిసి ఆడటమే గాని ఒక్కచోట కూర్చుని ఆడింది లేదు. తాడిపత్రి, ధర్మవరం, చిలమత్తూరు... ఎక్కడెక్కడి వాళ్లనూ పిలిపించి, జట్లుగా విడదీసి, పొద్దంతా ఆడించాలని శశి పట్టుబట్టాడు.

"మీ ఇంట్లో ఇంతమంది యాడ పడతార్రా? అందరూ ఒక్కసారి చార్జింగు పెడితే ఊరంతా కరెంటు పోతాది," అన్నాడు స్నేహితుడు ఇమ్మానుయేల్.

"కల్యాణమండపం అడుగుదామా?"

"నీ పెండ్లికే ఇయ్యలేదు. నీ ఆటకు ఇస్తారా?"

ఇద్దరూ పడీపడీ నవ్వుతుండగా గడప మీద పొడుగాటి నీడ పడింది. మిల్లుకు కాపలా ఉండే తిప్పయ్య! రెప్ప వాల్చని కళ్లు... నవ్వితే నల్లటి పళ్లు...

"నా మిల్లు ఉండాది కదప్పా. జనరేటరు ఉండాది, నెట్టు కూడా పెట్టిస్తా. అమావాస్య నాడు, తలుపులు మూసుకోని ఆడల్ల. అంతే!"

అతను పోయాక సువర్ణ మొత్తుకుంది. "ఆ మనిషి చూపే బాగలేదు. వద్దయ్యా!"

"నీకు బిడ్డ తుమ్మినా భయమే కదే," అని శశి కొట్టిపారేశాడు. "తిండి మాత్రం నువ్వే సెయ్యల్ల. ఇమ్మానుయేల్ బండి మీద వచ్చి తీస్కపోతాడు."

ఇవాళ పొద్దు నడినెత్తికొచ్చినా ఇమ్మానుయేల్ రాలేదు. ఒక్కడూ ఫోనెత్తలేదు. సువర్ణే బయలుదేరి వచ్చింది.

మిల్లు తలుపు సందులోంచి తొంగి చూసింది!

గోనెసంచుల మీద వరసగా కుర్రాళ్లు. చెవులకు హెడ్‌ఫోన్లు. ముఖాల మీద ఫోన్ల నీలికాంతి. ఇద్దరు తప్ప అందరూ తలలు వాల్చేసి ఉన్నారు... తెల్లగుడ్లు తేలేసి... ఊపిరి ఉందో లేదో తెలియకుండా! నడుమ రక్తకుంకుమతో గీసిన మండలం. అందులో ఒక కపాలం... కొబ్బరికాయంత కూడా లేని పసికందు కపాలం!

"రేయ్, నేను చచ్చినారా! లేపండ్రా నన్ను!" ఆటలో తూటా తగిలి, అలవాటు ప్రకారం అరిచాడు ఇమ్మానుయేల్.

కపాలం టక్కుమంది. ఇమ్మానుయేల్ తల వాలిపోయింది!

"'చచ్చినా' అని నోటితో వాళ్లే ఒప్పుకోవల్ల... ఒప్పుకుంటాండారు!" మండలం పక్కన నిలబడి, కపాలం వైపు చూస్తూ తిప్పయ్య వికటాట్టహాసం చేశాడు. "ఇంకొక్కడే! వీని ప్రాణం కూడా తాగు. ఆ పైన ఈ సీమంతా నా కాలి కిందికి తెచ్చియ్యల్ల నువ్వు!"

ఆ ఒక్కడూ... శశి! తెరకు అతుక్కున్న కళ్లు రెప్ప వేయడం లేదు. ఆటలో అతని ప్రాణం ఎర్రటి గీతగా సన్నబడిపోతోంది.

"ఏమయ్యా! లెయ్! ఆట ఇడిసిపెట్టు!" గంప విసిరేసి, తలుపు తోసుకుని లోపలికి దూకింది సువర్ణ.

తిప్పయ్య గుప్పెడు బూడిద విసిరాడు. అంతే... ఆమె మోకాళ్లు విరిగినట్టు నేలకు కూలింది. "కదిలితే నీ బిడ్డను కూడా దీనికే మేపుతా!"

శశి పెదవులు కదిలాయి... "రేయ్... నేను చ..."

సరిగ్గా అప్పుడే కపాలం ఏడ్చింది!

అది పిశాచం కేక కాదు. గొంతు పగిలేలా ఏడ్చే పసిగుడ్డు ఏడుపు! ఆమె చంకలోని బిడ్డ కదల్లేదు... కానీ సువర్ణ రొమ్ములు జివ్వుమన్నాయి. రవిక తడిసిపోయింది. ఆ తడితో పాటే భయమూ కారిపోయింది. ఆ ఏడుపు ఏమిటో ఆమెకు తెలుసు. ఆకలి! ఏ తల్లో గుండె రాయి చేసుకుని మట్టిలో పండబెట్టిన కూనను ఈ నీచుడు తవ్వి తెచ్చుకున్నాడు!

"ఆకలైన బిడ్డకు పాలు పొయ్యకుండా మనుషుల ప్రాణాలు పోస్తావా రా, పాపిష్టోడా!"

మోకాళ్ల మీదే పాక్కుంటూ పోయింది. తన బిడ్డను గోనె మీద పడుకోబెట్టింది. మండలంలోని కపాలాన్ని ఒళ్లోకి తీసుకుని, కొంగు కప్పింది.

"ముట్టుకోవద్దే! ఇడువు!" తిప్పయ్య గొంతు కీచుమంది. "ఏయ్ కపాలమా... నీ యజమానిని నేను! చంపు దాన్ని!"

కొంగు కింద పాలు కారాయి. ఏడుపు ఆగింది. మిల్లంతా శ్మశాన నిశ్శబ్దం... ఆ నిశ్శబ్దంలో, తృప్తిగా, ఒక చిన్న నిట్టూర్పు!

మరుక్షణం పిడుగు! కొంగులోంచి పాలవంటి ధవళకాంతి ఎగసింది. కుంకుమ మండలం భగ్గున మండి తిప్పయ్య కాళ్లను చుట్టుకుంది. అమ్మపాల ముందు ఏ మంత్రానికీ నోరు తిరగలేదు అతనికి! కేక సగంలోనే తెగిపోయింది. అతను నిలబడ్డ చోట గుప్పెడు బూడిద... అంతే!

గోనెల మీద ఒక్కొక్కరే దగ్గుతూ లేచారు.

"ఎవుర్రా నన్ను లేపింది? ఏ జట్టోడు?" కళ్లు నులుముకున్నాడు ఇమ్మానుయేల్.

శశి మాత్రం గోనె మీది తన బిడ్డను ఎత్తుకుని, ఇంకో చేత్తో భార్య భుజం పట్టుకున్నాడు. "సువర్ణా... ఆ ఒళ్లో ఏముండాది?"

"గునపం తేపోయ్యా. మెత్తటి నేల చూసి పండబెట్టల్ల."

"ఎవరి బిడ్డో ఏమో కదే..."

సువర్ణ కొంగు తొలగించలేదు. మెల్లగా ఒళ్లు ఊపుతూనే ఉంది.

"నా పాలు తాగినాది. ఇంక నా బిడ్డే."