గోడ అవతలి ఇనుము

2081 నాటికి భూమి అయస్కాంత క్షేత్రం మూడోవంతు సన్నగిల్లింది. సూర్యుడి నుంచి సౌర తుఫాను వచ్చిపడితే ఉపగ్రహాలు మూగబోయేవి, ఊళ్ళకు ఊళ్ళే కరెంటు లేక ఆగిపోయేవి. అందుకే వార్తల్లో వాన కబురు తర్వాత క్షేత్రం కబురు కూడా చెప్పేవారు.

బాపట్లలో ఆ కబురు తన పరికరమే చెప్పాలని డెబ్బై ఏళ్ళ హైమవతి మూడేళ్ళుగా పాటుపడుతోంది. పుస్తకాలు చదివి తానే చేసుకున్న ఆ 'క్షేత్రదర్శి'లో పెద్ద విద్యేమీ లేదు. గాజు జాడీలో పట్టుదారానికి చిన్న అయస్కాంతం వేలాడుతుంది. దానికి అంటించిన అద్దం ముక్క మీద లేజర్ కిరణం పడి, ఎదుటి గోడ మీద ఎర్రటి చుక్కవుతుంది. క్షేత్రం చలిస్తే చుక్క జరుగుతుంది.

పరీక్షించడానికి ఆ కబుర్లు సేకరించే కేంద్రం నుంచి షాహీన్ అనే యువ శాస్త్రవేత్త వచ్చింది. అన్నీ మెచ్చుకుంది, ఒక్కటి తప్ప. రోజూ సాయంత్రం అయిదింటికి, హైమవతి పుస్తకం తీసి పైకి చదువుకునే వేళకు, చుక్క రెండు వేళ్ళు పక్కకు జరిగి, గంట తర్వాత వెనక్కి వస్తోంది. అది తుఫానేనని హైమవతి వాదించింది.

"తుఫాను టైము చూసుకుని రాదు పిన్నిగారూ. ఇది ఇనుము. దగ్గర్లోనే ఉంది" అని షాహీన్ ఇంటి వెనక్కి వెళ్ళింది.

బళ్ళన్నీ ఫైబరువైపోయిన కాలం. అయినా వెనక గోడకు పాతకాలపు ఇనుప సైకిలొకటి ఆనించి ఉంది. పక్కనే గోడకు చెవి ఆనించి ఒక ముసలాయన.

ఆయన హైమవతి అన్న శేషాచలం. అమ్మ కడచూపుకు రాలేదన్న కోపంతో తొమ్మిదేళ్ళ కింద ఆమె, ఇక నా గడప తొక్కొద్దు అంది. ఆయన తొక్కలేదు.

"గడప వద్దంది గానీ గోడ సంగతి చెప్పలేదు కదమ్మా" అన్నాడాయన. షాహీన్ లోపలికి వచ్చి ఆ మాటే చెప్పింది.

హైమవతి గోడ మీది ఎర్రచుక్క కేసి చూసింది. సైకిలు వీధి మొదట్లో పెట్టి రమ్మంటాననీ, అప్పుడు పరికరం తప్పక నెగ్గుతుందనీ షాహీన్ ఊరడించింది.

"వద్దు. మీకు ఇంకోటి చేసిస్తాను, ఇంకెవరింట్లోనన్నా పెట్టుకోండి. డెబ్బై అయిదేళ్ళ మనిషి. ఏ రోజు వచ్చాడో, ఏ రోజు రాలేదో నాకు తెలియాలి."

లోపలికి పిలిస్తే సరిపోతుంది కదా అని షాహీన్ అడిగింది.

"పిలిస్తే మాత్రం వస్తాడా? మహా పంతం మనిషి" అంది హైమవతి. అంటూనే కుర్చీని వెనక గోడ దగ్గరికి జరుపుకుని, ఆయనకు చెవి మందమని, రోజూకంటే కాస్త గట్టిగా చదవసాగింది.