ముందుగా ఒక్క ప్రశ్న

"పిన్నిగారూ, మీకేం కావాలో చెప్పండి," అంది చాట్‌బాట్.

చాట్‌బాట్ జవాబులకు తెలుగు రాయడానికి చేరిన అనువాదకురాలికి ఆ ఆఫీసులో అది మొదటి రోజు. నిండా ఇరవై ఆరేళ్లు లేవు. కుర్చీ వెనక్కి తోసి లేచింది.

"దీనికి వరసలు నేర్పిన మహానుభావుడెవరండీ?"

మూల సీట్లోంచి ఒక చెయ్యి మెల్లగా పైకి లేచింది. అది ప్రోగ్రామర్‌ది. ఆ చాట్‌బాట్‌ను మాడ్యూళ్లుగా కట్టారు. దేన్నయినా మిగతావి కదలకుండా తీసేయొచ్చు, తగిలించొచ్చు. మనిషిని బట్టి పలకరించే మాడ్యూల్ అతనిది.

"టైపింగ్ స్పీడ్‌ని బట్టి వయసు అంచనా వేస్తుందండీ. మీరు కాస్త నిదానంగా..."

"తప్పుల్లేకుండా కొడితే పిన్నినైపోతానా?"

"అసలైతే అమ్మమ్మగారూ అనాలండీ. నేనే తగ్గించి పెట్టాను."

ఆమెకు నవ్వొచ్చింది. కోపం పాడవుతుందని ఆపుకుంది.

గొడవ విని డైరెక్టర్ మురిసిపోయాడు. "అయితే యూజర్లనే అడుగుదాం! ఎలా పిలవాలి, ఎంత మర్యాద, ఎంత చనువు, జోకులుండాలా వద్దా... ఇద్దరూ కూర్చుని ప్రశ్నలు రాయండి."

రాశారు. కిటికీ అవతల వాన కురుస్తుంటే 'గారు' గురించి వాదించుకున్నారు. వాన వెలిశాక కూడా ఆపలేదు. ఒక ప్రశ్న తేలిపోతే ఇద్దరికీ దిగులుగా ఉండేది. వెంటనే ఇంకోటి పుట్టించేవారు. చూస్తుండగానే అరవై దాటాయి.

డెమోకి, చాట్‌బాట్ కొనాలనుకుంటున్న లిఫ్టుల కంపెనీ పెద్దమనిషి వచ్చాడు. "లిఫ్టు మధ్యలో ఆగిపోయింది, ఏం చెయ్యాలి?" అని టైపు చేశాడు.

"అయ్యో! ముందుగా ఒక్క ప్రశ్న. కంగారులో ఉన్నప్పుడు మిమ్మల్ని 'గారు' అనమంటారా?" అంది చాట్‌బాట్.

ఆయన జవాబిచ్చాడు. ఆ తర్వాత ఇంకో ప్రశ్న, ఇంకోటి. "జోకు ఇప్పుడు చెప్పనా, లిఫ్టు కదిలాకా?" అనేసరికి విసుగొచ్చి లేచాడు.

"లోపలున్నవాడికి గడ్డం పెరిగిపోయుంటుందయ్యా!"

డైరెక్టర్ అనువాదకురాలి మీద విరుచుకుపడ్డాడు. "అంతా మీ భాష తెచ్చిన తంటా! రేపట్నుంచి రానక్కర్లేదు."

ఆమె ముఖం పాలిపోయింది. ప్రోగ్రామర్ లేచాడు.

"ఆవిడ తప్పేం లేదండీ. పనైపోతే నా పక్క కుర్చీలోంచి లేచి వెళ్లిపోతారని నేనే ప్రశ్నలు పెంచుకుంటూ పోయాను."

అతను చెవులు ఎర్రబడుతుండగా ఒంగి, ఆ ప్రశ్నలన్నీ ఉన్న తన మాడ్యూల్ పీకేశాడు.

"లోపల ఎంతమంది ఉన్నారు? భయపడొద్దని చెప్పండి, మనిషిని పంపిస్తున్నాం," అంది చాట్‌బాట్ వెంటనే.

పెద్దమనిషి మళ్లీ కూర్చున్నాడు. "ఇది మనిషి మాట్లాడినట్టుంది. ఈ తెలుగెవరిది?"

"నాదేనండీ," అంది అనువాదకురాలు.

డైరెక్టర్ తడుముకోలేదు. "ఇదే సార్ మా కొత్త ఫీచర్, ఏమీ అడక్కపోవడం!" అన్నాడు. ఆమె ఉద్యోగం నిలిచింది. ప్రోగ్రామర్‌ను మాత్రం బటన్ల రంగులు చూసుకొమ్మన్నారు.

ఆమె అతన్ని మెట్ల దగ్గర ఆపింది.

"సగం ప్రశ్నలు నేను పుట్టించినవే. మొత్తం మీ నెత్తినేసుకున్నారే?"

"మీరు... ఎందుకు పుట్టించారు?"

"అది కూడా అడగాలా?" అంది ఆమె మెట్లవైపు చూస్తూ. "ఆదివారం మా ఇంటికి రండి. అమ్మా నాన్నా ఉంటారు."

"వాళ్లతో ఏం చెప్పను?"

"ఆఫీసంతా విన్నది వాళ్లకీ చెప్పండి. తర్వాత నేను మాట్లాడతాను."