అర్ధరాత్రి తెల్లారిన క్వార్టరు

టాటానగర్‌లో, బాగ్‌బేరా రైల్వే కాలనీలో ఆ చివరి క్వార్టరుకి మంచి పేరు లేదు. ఎవరొచ్చినా ఏడాది తిరక్కుండా సామాన్లు సర్దేసేవారట. ఎందుకని అడిగితే మాట దాటేసేవారట. పట్టపగలు కూడా దాని ముందు నుంచి వెళ్లేవాళ్లు సైకిలు గంట మోగించుకుంటూ పోయేవారు.

అలాంటి క్వార్టరు యార్డు ఖలాసీ ఆదిబాబుకి వచ్చింది. బావమరిది ఇంట్లో ఒక్క గదిలో, పెళ్లాం పిల్లలతో ఏళ్ల తరబడి నలిగిపోయిన మనిషి. ఇది వద్దంటే మళ్లీ ఎప్పటికిస్తారో దేవుడికే తెలియాలి. భార్య పోలమ్మ మాత్రం మొండికేసింది.

"ముందు నువ్వొక్కడివే ఓ రాత్రి పడుకో. తెల్లారేదాకా ఉండి వత్తే, అప్పుడు నానూ పిల్లలూ వత్తాం."

ఆదిబాబు పైకి మీసం తిప్పాడు. చాప పరిచి, ముసుగుతన్ని, ఆంజనేయుణ్ణి తలుచుకుంటూ... ఎలాగో నిద్రపోయాడు.

కళ్లు తెరిచేసరికి — ఎండ!

గోడ నిండా పచ్చటి లేత ఎండ. ముందు కళ్లు చెదిరేలా భగ్గుమని, తర్వాత నెమ్మదిగా సర్దుకుంది. ఎక్కడో అలల హోరు... టాటానగర్‌లో సముద్రమేమిటని ఆలోచిస్తేనా! గెలిచేశాననుకుని చాప చంకన పెట్టి తలుపు తీశాడు.

బయట చీకటి. కటిక చీకటి. నెత్తిన చుక్కలు.

వెనక్కి తిరిగాడు — గదిలో ఎండ!

చాప ఒకచోట, చెప్పులు ఒకచోట. ఆదిబాబు పరుగున వెళ్లి బావమరిది ఇంటి గుమ్మంలో పడ్డాడు. "లోపల ఎండ, బయట సీకటి!" అని రొప్పాడు.

"సూశావా? ఆ కొంప మనకొద్దు!" అంది పోలమ్మ. అన్నదే గాని, కళ్లారా చూడందే నమ్మే మనిషి కాదు. తమ్ముడు వెంకటరావు చేత టార్చి పట్టించి, మొగుణ్ణి లాక్కుని బయల్దేరింది.

ఎండ పక్క క్వార్టర్లో దొరికింది. గార్డుగారబ్బాయి భార్గవ్, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజినీరు, ఆఫీసు ప్రొజెక్టరు ఇంటికి తెచ్చి గోడ మీద వీడియో గేమ్ వేసుకున్నాడు. కొండ, కింద సముద్రం, పైన సూర్యుడు. ఆ వెలుగంతా రెండిళ్ల మధ్య వెంటిలేటరులోంచి అటు పడుతోంది.

"డరో మత్ ఆంటీ, భయపడకండి, గేమ్ డెమో! పావుగంట ఆట. వెలుగుని అచ్చం నిజంలా చూపించే కొత్త టెక్నాలజీ వచ్చింది. అది చూపించడానికే చేశారు."

పోలమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "ఈ బొమ్మెండకా పరిగెట్టావు? రేపే పాలు పొంగిద్దాం పద!"

ఆదిబాబుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇల్లు దక్కింది!

"అవునూ..." అంది పోలమ్మ, "డప్పు కొట్టినా లెగవు. ఎండకి మెలకువెలాగొచ్చిందేటి?"

"ఎండకేటి? నువ్వే కదే వచ్చి, గాజుల చేత్తో భుజం తట్టావు? 'తెల్లారిపోనాది, డూటీకి లెగు' అన్నావు? లేపేసి ముందెల్లిపోయావనుకున్నాను."

పోలమ్మ నవ్వు ఆగిపోయింది.

"నానా...? నానిల్లు కదల్లేదు."

ప్రొజెక్టరు ఫ్యాను గుయ్‌మంటోంది. భార్గవ్ గోడ మీది సూర్యుణ్ణి చూశాడు, వెంటిలేటరుని చూశాడు.

"అంటే..." అన్నాడు గుసగుసగా, "మిమ్మల్ని లేపిన ఆవిడ కూడా నిజం ఎండే అనుకుందన్నమాట!"