పచ్చాకు రాలేదాకా

తూర్పు సముద్రం నడుమ ఉన్న జపాను దేశంలో కిరియామా అని ఒక చిన్న కొండరాజ్యం ఉండేది. అక్కడి కొండల నిండా మొమిజి చెట్లు. వాటి ఆకులు పసిపిల్లల అరచేతుల్లా ఉంటాయి. వానలు వెనకబట్టి చలి మొదలవగానే ఆ చేతులన్నీ గోరింటాకు పెట్టుకున్నట్టు ఎర్రగా పండేవి. అప్పుడు ప్రభువు మొదలు కూలివాడి దాకా అందరూ ఫలహారం పెట్టెలు కట్టుకుని కొండెక్కేవాళ్లు. దాన్ని వాళ్లు ఆకుల వేట అనేవాళ్లు. పేరుకు వేటే గాని విల్లూ ఉండదు, వలా ఉండదు. చెట్టు కింద చాప పరుచుకుని కూర్చుని ఆకులను కళ్లారా చూడటమే ఆ వేట. కొమ్మ మీది ఆకును ఎవరూ కోసేవారు కాదు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం రాలిన ఆకు ఒకటి ఏరుకుని, కొండకు రాలేకపోయిన వాళ్ల కోసం ఇంటికి తెచ్చేవాళ్లు.

అలాంటి రాజ్యంలో మూడేళ్లుగా ఆకు పండలేదు. చలి జాడ లేదు. కొండ పచ్చగానే ఉంది, వరిచేలు కూడా పచ్చగానే ఉన్నాయి. కంకులు పాలు పోసుకుని అక్కడే నిలిచిపోయాయి, గింజ గట్టిపడలేదు. గాదెలు ఖాళీ అయ్యాయి. జనం అడవి గడ్డలు తవ్వుకుని తిన్నారు. ఏమైందో చూసి రమ్మని ప్రభువు కొండ మీదికి పంపిన సైనికుల్లో ఒక్కడూ తిరిగి రాలేదు.

ఈ కష్టం అందరిదీ. సయో అనే పిల్లకు దీనితోపాటు ఇంకొకటి ఉంది.

సయో అక్క పేరు కినూ. ఆకులు పండాయో లేదో చూసి రావడం ఆమె పని. ఏటా అందరికంటే ముందు ఒంటరిగా కొండెక్కి, రాలిన మొదటి ఎర్రాకును కోటకు తెచ్చేది. అప్పుడు నగారా మోగేది, వేట మొదలయ్యేది. కినూ అంత శ్రద్ధగా చూసే మనిషి ఆ రాజ్యంలో మరొకరు లేరు. చివరిసారి వేట ముగిసిన రోజున చెల్లెలికి జడ వేస్తూ, జలపాతం పక్కన ఉన్న ముసలి మొమిజికి ఒకే ఒక ఆకు పండలేదని, చెట్టంతా మోడైనా అదొక్కటీ పచ్చగానే ఉందని చెప్పింది. వింతగా ఉందే అని మర్నాడు సంతలోనూ నలుగురితో అన్నది.

ఆ మరుసటి ఏడు కొండెక్కిన కినూ దిగి రాలేదు. నాలుగో రోజున ఆమె ఫలహారం పెట్టె వాగులో కొట్టుకొచ్చింది. దాని నల్లటి మూత మీద అయిదు పచ్చటి వేళ్ల గుర్తులు ఉన్నాయి. ఎంత తోమినా పోలేదు. అవి అయోబా అనే కొండరాక్షసుడి వేళ్లని చూసిన వాళ్లందరికీ తెలిసింది. పైకి అనడానికి మాత్రం భయపడ్డారు.

ఆ రోజు తల్లి జుట్టు విప్పుకుంది. మళ్లీ ముడి వేయలేదు. మూడేళ్లు గడిచి, సయోకు పదహారు నిండిన రోజున ఆమె అదే పెట్టెను గుడ్డలో కట్టి కూతురి ముందు పెట్టింది.

"వాడు చావడం చూసి రా," అంది తల్లి. "చూస్తూ తిను. అందాకా ఎంత ఆకలేసినా ఈ ముడి విప్పకు."

సయో మూడేళ్లుగా ఆ మాట కోసమే కాచుకుని ఉంది. పెట్టె వీపున కట్టుకుని బయలుదేరింది.

కొండ మొదట్లో ఒక గుడిసె, గుడిసె ముందు ఒక అవ్వ. వీపు మీది మూట చూడగానే అవ్వ, అందులో తిండి ఉంటే కాస్త పెట్టమని అడిగింది. సయో తల అడ్డంగా ఊపి, ఇది ఒకడి చావు కోసం కట్టిన తిండి అనీ, ఇంకేం అడిగినా చేస్తాననీ చెప్పింది. చెప్పినట్టే సాయంత్రం దాకా కట్టెలు కొట్టి, నీళ్లు మోసి, గుడిసె కప్పు సరిచేసింది. ఎంత ఆకలేసినా మూట వైపు చూడలేదు.

అవ్వ చాలాసేపు ఆమెనే గమనించింది. "మూడేళ్లుగా ఈ దారిన ఏడుస్తూ పోయినవాళ్లున్నారు, కత్తులు తిప్పుతూ పోయినవాళ్లున్నారు," అంది. "నోరు మూసుకుని పోయేదానివి నువ్వొక్కతెవే. కూర్చో పిల్లా. నీకు పనికొచ్చే మాట చెబుతాను."

అయోబా ప్రాణం ఒక ఆకులో ఉంది. కొండ అంతా పచ్చగా ఉన్నంత కాలం ఆ ఆకేదో ఎవరికీ తెలియదు. చలి వచ్చి చెట్లన్నీ పండితే అదొక్కటే పచ్చగా బయటపడుతుంది. కినూ సంతలో అన్న మాట వాడి చెవిన పడింది. అందుకే వాడు ముందు ఆమెను చంపాడు, తర్వాత చలినే రాకుండా చేశాడు. కొండ మీద ఒక ముసలి దుప్పి ఉంది. అది కూత పెడితేనే చలి దిగుతుంది. అయోబా దాని గొంతును దొంగిలించి ఎక్కడో దాచాడు.

"గొంతు దొరికి చలి దిగితే నీకు ఆకు కనబడుతుంది," అంది అవ్వ. "కనబడింది కదా అని కోశావో, అందులోని ప్రాణం నీ చేతిలోకి పాకుతుంది. వాడు పోతాడు, వాడి బదులు నువ్వవుతావు. పొద్దు పొడిచింది మొదలు కుంకేదాకా చూపు తిప్పకుండా దాన్నే చూడు. చూపు తగిలితే ఆ ఆకూ అన్నిటిలాగే పండి రాలుతుంది."

ఇదంతా నీకెలా తెలుసని సయో అడిగింది.

"వాడు నా మొగుడు," అంది అవ్వ. "కట్టెలు కొట్టుకునేవాడు. వెనకటి రాక్షసుడు మా కొడుకును పొట్టన పెట్టుకుంటే, పగ పట్టి పోయి ఆ ఆకు కోశాడు. మళ్లీ ఇంటికి రాలేదు." గుమ్మం పట్టుకుని లేచి, "నేను కొండెక్కలేను. వచ్చేటప్పుడు నాకో ఎర్రాకు తెచ్చిపెట్టు," అని లోపలికి వెళ్లిపోయింది.

అక్కడి నుంచి దారి పొగమంచు లోయలో పడింది. ఎటు నడిచినా కాళ్లు మొదటి చోటికే వచ్చేవి. సైనికుల టోపీలు, చెప్పులు అక్కడక్కడా పడి ఉన్నాయి. సయో రెండుసార్లు తిరిగిన చోటే తిరిగి, మూడోసారి ఆగి ఆలోచించింది. అక్క పెట్టె ఏ దారిన వచ్చిందో ఆ దారి మారదు కదా అనుకుని వాగులోకి దిగింది. మోకాళ్ల లోతు నీళ్లలో, రాళ్ల మీద జారుతూ, ప్రవాహానికి ఎదురు నడిచి లోయ దాటింది.

వాగు ఒడ్డున దుప్పి కనబడింది. గుర్రమంత పెద్దది. కొమ్ములకు నాచు పట్టింది. అది నోరు తెరిచింది గాని శబ్దం రాలేదు. మూతితో ఒక గుహ వైపు చూపింది. గుహ కప్పుకు ఒక సొరకాయ బుర్ర వేలాడుతోంది. దాని చుట్టూ కందిరీగల తుట్టెలు.

సయో కోపం అప్పటికి పాకాన పడి ఉంది. కొండ మీది ప్రతిదీ ఆమెకు అయోబా లాగే కనబడుతోంది. కర్ర తీసుకుని లోపలికి ఉరికి బుర్రను కొట్టబోయింది. కందిరీగలు లేచాయి. బయటపడేసరికి మొహం బూరెలా పొంగి, ఒక కన్ను మూసుకుపోయింది. దుప్పి ఆమెను ఎగాదిగా చూసి మెల్లగా తల తిప్పుకుంది. మాట ఉండి ఉంటే ఏదో ఒకటి అనేదే.

మర్నాడు సయో కర్ర తీసుకోలేదు. మొహానికి మట్టి పూసుకుని, నేల మీద బోర్లా పడుకుని లోపలికి పాకింది. జానెడు పాకి ఆగేది. కందిరీగ వాలితే ఎగిరిపోయేదాకా కదిలేది కాదు. పొద్దున మొదలుపెట్టినది బుర్ర తాడు విప్పేసరికి మూడో జాము అయింది. కోపం తగ్గిందని కాదు. దాన్ని గబగబా ఖర్చు చేస్తే చాలదని ఆ రోజు తెలిసింది.

బుర్ర బిరడా తీయగానే దుప్పి మెడ సాచి కూత పెట్టింది. మూడేళ్ల కూత అది, కొండ అంచుల దాకా పోయి తిరిగి వచ్చింది. వెంటనే ఉత్తరం నుంచి సన్నటి చలిగాలి దిగింది.

"నీ మొహం నిన్నటి కంటే నయం," అంది దుప్పి, గొంతు సవరించుకుని. "ఎక్కు, జలపాతం దాకా దింపుతాను."

మూడు రోజుల్లో కొండ పండింది. ముందు శిఖరం, తర్వాత నడుము, తర్వాత పాదం. రెండు రోజుల గాలికి ఆకులు రాలి ముసలి మొమిజి చుట్టూ నేలంతా ఎర్రగా కప్పేశాయి. కిందికి వంగిన కొమ్మన ఒక్క ఆకు మాత్రం పచ్చగా నిలిచింది. పొద్దు పొడిచే వేళకు సయో చెట్టు కింద చాప పరిచి, పెట్టె పక్కన పెట్టుకుని, తల ఎత్తి కూర్చుంది.

కాసేపటికి వెనక నుంచి నేల అదిరే అడుగులు వచ్చాయి. ఎర్రటి ఆకుల అంచున ఆగిపోయాయి. పండిన ఆకు మీద అయోబా కాలు మోపలేడు.

"ఏయ్ పిల్లా, మెడ నొప్పెట్టడం లేదూ?" అన్నాడు అయోబా. "చేయి చాస్తే అందే ఆకుకు ఇంత తపస్సు దేనికి? కోసెయ్. నన్ను చంపాలనే కదా వచ్చావు."

సయో చూపు తిప్పలేదు. ఆకు అంచున పచ్చదనం కొంచెం పలచబడింది.

అయోబా మధ్యాహ్నం దాకా ఆమెను మాటలతో పొడిచాడు. కినూను మడుగులోకి ఎలా తోసిందీ, ఆమె రాతిని ఎంతసేపు పట్టుకు వేలాడిందీ, ఎవరిని పేరు పెట్టి పిలిచిందీ ఒక్కొక్కటే చెప్పాడు. సయో చేతులు వాటంతట అవే పైకి లేచాయి. కొమ్మ నిజంగానే అందేంత దూరంలో ఉంది. ఒక్క గుంజు చాలు. అప్పుడు ఆమెకు తెలిసింది, వాడు కోరేది అదేనని. కోస్తే వాడు తన వేళ్లలో, తన గోళ్లలో బతికే ఉంటాడు. కొంచెం కూడా మిగలకుండా పోవాలి వాడు. సయో చేతులు దించి వాటి మీద తానే కూర్చుంది.

"చెప్పు, ఇంకా చెప్పు," అంది, ఆకు మీంచి చూపు తీయకుండా. "సాయంత్రం దాకా నాకు వేరే పనేమీ లేదు."

ఆకు పసుపు తిరిగింది. వెనక ఊపిరి బరువెక్కడం వినబడింది. పొద్దు వాలుతుండగా ఒక గొంతు పిలిచింది.

"సయో. జడ ఊడిపోయిందే. ఇటు తిరుగు, వేస్తాను."

అది అక్క గొంతు. మూడేళ్లుగా ప్రతి ఉదయం ఆమె వినాలనుకున్న గొంతు. సయో కళ్ల వెంట నీళ్లు కారాయి గాని మెడ కదలలేదు.

"ఆకలేస్తోందే చెల్లీ. చలేస్తోంది. ఒక్కసారి నా వైపు చూడవూ?"

సయో తడుముకుంటూ పెట్టె ముడి విప్పింది. వేళ్లకు వేయించిన బియ్యప్పిండి ఉండలు తగిలాయి, ఎండిన పండ్లు తగిలాయి, తినే పుల్లలు తగిలాయి. ఒక జత కాదు, రెండు జతలు. అమ్మ ఇద్దరికి కట్టింది. సయో ఒక వాటా తీసి చాప మీద తన పక్కన పెట్టింది.

"నీ వాటా ఇక్కడే ఉందక్కా," అంది. "వచ్చి కూర్చో. నాలుగు అడుగులే. ఆకుల మీంచి నడిచి రా."

వెనక ఎవరూ కదలలేదు.

"రా అక్కా," అంది సయో మళ్లీ.

ఆ గొంతు మెల్లగా బొంగురుపోయి, పళ్లు నూరుతున్న చప్పుడుగా మారి, చివరికి ఒట్టి మూలుగు అయింది. ఆకు నిండా ఎరుపు పాకింది. సయో ఒక ఉండ నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలింది. తల్లి చెప్పినట్టే, చూస్తూ తిన్నది. పొద్దు కొండ వెనక్కి జారిన క్షణాన ఆకు తొడిమ ఊడి, గాలిలో రెండు మెలికలు తిరిగి, చాప మీద పడింది. మూలుగు ఆగిపోయింది.

అప్పుడు వెనక్కి తిరిగింది. అక్కడ ఎండుటాకుల కుప్ప, అందులో తుప్పు పట్టిన గొడ్డలి ఒకటి ఉన్నాయి. సయోకు జాలి కలగలేదు. ఆ గొడ్డలి ఎవరిదో తెలుసు గనుక దాన్ని తీసుకుంది. అక్క వాటాను వాగు నీళ్లలో వదిలింది. చాప మీద పడిన ఆకును అక్కడే వదిలేసి, వేరే చోట రాలిన ఆకులు మూడు ఏరుకుంది.

మొదటిది గొడ్డలితో పాటు అవ్వ చేతిలో పెట్టింది. అవ్వ గొడ్డలిని ఒళ్లో పెట్టుకుంది. ఆకును దాని మీద ఉంచింది. రెండోది కోటకు చేరగానే మూడేళ్ల తర్వాత నగారా మోగింది. చేలల్లో కంకులు వంగాయి. ప్రభువు సయోకు కొండంతటి మీదా అధికారం ఇచ్చి, ఆమె మాటే అక్కడ చట్టమని చాటించాడు. తన కొడుకును కూడా ఇస్తానన్నాడు. ఆ కుర్రవాడు మంచివాడే గనుక ఆమె కాదనలేదు. కోతలయ్యాక పెళ్లి జరిగింది.

మూడోది తల్లికి ఇచ్చింది. తల్లి ఆకును కినూ దువ్వెన పక్కన పెట్టింది.

"చూశావా?" అంది.

"చూశానమ్మా."

"పూర్తిగా?"

"పొద్దు కుంకేదాకా."

తల్లి మూడేళ్ల జుట్టును చేత్తో పోగుచేసి ముడి వేసుకుంది. తర్వాత ఖాళీ పెట్టె కడగడానికి తీసుకుంది. మూత మీద వేళ్ల గుర్తులు లేవు.

ఆ తర్వాత కిరియామాలో ఏ ఏడూ ఆకుల వేట ఆగలేదు. కొండ దొరసాని సయో పిల్లాపాపలతో, పరివారంతో అందరితో పాటే చాప మీద కూర్చునేది. పిల్లలు ఆకలని గోల చేసినా ఆమె వెంటనే వడ్డించేది కాదు. ముందు తల ఎత్తి ఒక్కొక్క చెట్టునే, కొమ్మకొమ్మనూ నిదానంగా చూసేది. ఎక్కడా ఒక్క పచ్చాకు కూడా మిగల్లేదని తేల్చుకున్నాకే పెట్టె మూత తీసేది.